నడక నేర్పిన చేతులు

మీ ఇంట్లో ఎవరికైనా పెద్ద ఆపరేషను జరిగిందనుకోండి. కత్తి పట్టిన సర్జను గారి పేరు ఇంటిల్లిపాదికీ కంఠతా వస్తుంది. మత్తు ఇచ్చిన డాక్టరు పేరు ఒకరిద్దరికి గుర్తుండవచ్చు. ఆ తర్వాత నెలల తరబడి రోగి చెయ్యి పట్టుకుని లేపి, కూర్చోబెట్టి, నిలబెట్టి, అడుగులు వేయించిన మనిషి పేరేమిటని అడిగి చూడండి. "ఎవరోనండీ, కసరత్తు చేయించే ఆవిడ" అంటారు! ఏరు దాటాక ఓడమల్లయ్య బోడిమల్లయ్య అయినట్టు, నడక వచ్చాక నడిపించినవారు మరుగున పడిపోతారు.

అలా మరిచిపోని ఒక యువకుడి గురించి ఈ వారం మీకు చెప్పాలనుకుంటున్నాను. అతని కృతజ్ఞతను మెచ్చుకోవడం ఒక్కటే నా ఉద్దేశం కాదు. తలకు దెబ్బ తగిలి ప్రాణంతో బయటపడిన మనిషిని తిరిగి మనిషిగా నిలబెట్టడానికి ఏమేం కావాలో అతని కథ చెప్పినంత బాగా మా వైద్య గ్రంథాలు చెప్పలేవు. అతనెవరో గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను.

ఎవరీ యువకుడు?

పాతికేళ్ళు దాటిన వయస్సు. ఊరు తెల్లాపూర్. ఒకప్పుడు పొలాలూ చెల్కలూ ఉన్న ఆ ఊళ్ళో ఇప్పుడు ఆకాశాన్నంటే మేడలు లేచాయి. 2018లో ఊరు మునిసిపాలిటీ కూడా అయింది. ఔటర్ రింగు రోడ్డు పక్కనే పోతుంది. కానీ ఊరి పాత ఇళ్ళలో పిల్లలు చాలామంది ఇప్పటికీ పటాన్‌చెరు, పాశమైలారం ఫ్యాక్టరీల్లో షిఫ్టు డ్యూటీలకే పోతారు. మన యువకుడూ అలాగే ఒక కాంట్రాక్టరు కింద మెషీను మీద పనిచేసేవాడు.

నాలుగేళ్ళ క్రిందట ఒకనాడు రాత్రి డ్యూటీ దిగి, తెల్లవారుజామున మోటారు సైకిలు మీద ఇంటికి వస్తున్నాడు. టిప్పరు నుంచి రాలిన కంకర రోడ్డు మీద ఉంది. బండి జారింది. హెల్మెట్టు ఉన్నది, కానీ తలకు లేదు, బండి అద్దానికి తగిలించి ఉంది! దారిన పోయేవారు 108కి ఫోను చేశారు. నగరంలో ఒక పెద్దాసుపత్రిలో కపాలం తెరిచి, మెదడు ఎడమభాగం మీద పేరుకున్న రక్తపు గడ్డను తీసేశారు. ప్రాణం దక్కింది. మూడు వారాలకు ఇంటికి పంపించారు. అప్పటికి అతని కుడిచెయ్యి, కుడికాలు స్వాధీనంలో లేవు. మాట ముద్దగా వస్తోంది. పట్టుకోకపోతే కూర్చోలేడు. ఇంట్లో తల్లి, భార్య, తొమ్మిది నెలల ఆడపిల్ల.

ఆ స్థితిలో అతణ్ణి మా ఆసుపత్రికి తీసుకొచ్చారు.

మెదడుకు దెబ్బ తగిలితే ఏమవుతుంది?

మెదడు సుమారు 1,300 నుంచి 1,400 గ్రాముల బరువుండే మెత్తని పదార్థం. గట్టి కపాలం లోపల ఒక ద్రవంలో తేలుతూ ఉంటుంది. వేగంగా పోతున్న తల హఠాత్తుగా ఆగినప్పుడు మెదడు వెళ్ళి ఎముకకు కొట్టుకుంటుంది. పొరల్లోని రక్తనాళాలు చిట్లుతాయి, నాడీతంతువులు సాగి తెగుతాయి. ఎడమ మెదడు నుంచి వచ్చే ఆజ్ఞలు కుడివైపు అవయవాలకు పోతాయి కనుక, ఎడమన దెబ్బ తగిలితే కుడిభాగం చచ్చుబడుతుంది. చాలామందిలో మాటకు సంబంధించిన కేంద్రాలు కూడా ఎడమవైపే ఉంటాయి.

దెబ్బ ఎంత తీవ్రమైనదో కొలవడానికి మేము వాడే కొలబద్దను 1974లో గ్లాస్గో నగర డాక్టర్లు టీజ్‌డేల్, జెన్నెట్ తయారుచేశారు. కళ్ళు తెరవడం, మాట్లాడడం, కాళ్ళు చేతులు కదిలించడం, ఈ మూడింటికీ మార్కులు వేస్తాం. మొత్తం 15 వస్తే పూర్తి స్పృహ. 8, అంతకంటే తక్కువ వస్తే ప్రమాదం తీవ్రమని అర్థం. అన్నిటికంటే తక్కువ మార్కు 3.

"చచ్చిపోయిన మెదడు కణాలు మళ్ళీ పుడతాయా డాక్టరు గారూ?" అని బంధువులు అడుగుతారు. దెబ్బతిన్న చోట పోయిన కణాల స్థానంలో కొత్తవి పుట్టుకొచ్చి పని అందుకుంటాయని ఆశపెట్టుకోవడానికి లేదు. కానీ చుట్టుపక్కల బతికి ఉన్న కణాలు కొత్త సంబంధాలు ఏర్పరచుకుని, పోయినవాటి పనిని కొంత తమమీద వేసుకోగలవు. రోడ్డు తెగితే ఊరివాళ్ళు పొలాల గట్ల మీదుగా కొత్త దారి వేసుకుంటారు కదా, అలాగన్నమాట. అయితే ఆ గట్టుమీద రోజూ నడిస్తేనే అది బాట అవుతుంది. ఒకనాడు నడిచి పదిరోజులు ఊరుకుంటే గడ్డి మొలుస్తుంది. అభ్యాసం కూసు విద్య అని మన పెద్దలు ఊరికే అనలేదు.

దీనికి ఒక ప్రసిద్ధమైన ఉదాహరణ ఉంది. న్యూయార్కులో పెడ్రో బాక్-ఇ-రీటా అనే ఉపాధ్యాయుడికి 1959లో పక్షవాతం వచ్చింది. నడక, మాట పోయాయి. వైద్య విద్యార్థి అయిన కొడుకు జార్జి, తండ్రికి నడక నేర్పే ముందు పసిపిల్లవాడిలా పాకడం నేర్పాడు. గోడకు ఆనుకుని పాకించాడు, గోలీలాట ఆడించాడు. కొన్ని నెలలకు పెద్దాయన లేచాడు, తిరిగి పాఠాలు చెప్పాడు. 1965లో ఒక పర్వతయాత్రలో గుండెపోటుతో మరణించాక పరీక్షించి చూస్తే, మెదడులో పాత దెబ్బ పెద్దదిగా అలాగే ఉంది! దెబ్బ మానలేదు, మిగిలిన మెదడు పని నేర్చుకుంది. మరో కొడుకు పాల్ ఆ తర్వాత మెదడు ఇలా మారగలదన్న విషయం మీదే జీవితమంతా పరిశోధన చేశాడు.

పసిపిల్ల ఎన్నిసార్లు పడి లేస్తే నడక వస్తుందో మీకు తెలియనిది కాదు. మా యువకుడి ఇంట్లో ఆ ఏడాది ఒకే వాకిట్లో ఇద్దరు నడక నేర్చుకున్నారు, తండ్రీ, బిడ్డా. బిడ్డే ముందు నేర్చింది.

కృతజ్ఞత కంటే ముందు కోపం

మా ఫిజియోథెరపిస్టు మొదటిరోజు అతణ్ణి కూర్చోబెట్టగానే అతను చేసిన పని ఏమిటో తెలుసా? నోటికి వచ్చిన బూతులు తిట్టడం. ఎడమచేత్తో ఆమెను తోసేశాడు కూడా. తల్లి సిగ్గుతో తలవంచుకుని, "నా కొడుకు ఇసుంటోడు గాదు మేడం, చిన్నప్పటిసంది ఎవ్వల్ని పల్లెత్తు మాట అనలే" అని ఏడ్చింది.

పాఠకులు ఈ సంగతి గట్టిగా గుర్తుంచుకోవాలి. మెదడు ముందుభాగం మన కోపతాపాలకు కళ్ళెం వంటిది. అక్కడ దెబ్బ తగిలితే కళ్ళెం వదులవుతుంది. చిరాకు, తిట్లు, ఏడుపు, అకారణంగా నవ్వు, ఇవన్నీ జబ్బు లక్షణాలే. "పొగరెక్కింది", "గాలి సోకింది" అనుకోకండి. అతనితో వాదించకండి. గదిలో గోల తగ్గించండి, ఒక్కరే మాట్లాడండి, కాసేపు విశ్రాంతి ఇచ్చి మళ్ళీ మొదలుపెట్టండి.

ఆమె చేసింది అదే. తిట్టు విని కోపం తెచ్చుకోలేదు, పని ఆపలేదు. "తిట్టు తమ్ముడూ, తిట్టు. తిడుతూనే నిలబడు" అంది. ఆమె దగ్గర ఒక నోటుపుస్తకం ఉండేది. పట్టు లేకుండా ఎన్ని సెకన్లు కూర్చున్నాడో, ఎన్నిసార్లు నిలబడ్డాడో అందులో రోజూ వేసేది. మొదటి పేజీలో ఉన్న అంకె, రెండు సెకన్లు!

ఐదోవారంలో ఒకనాడు తల్లి నా దగ్గరకు వచ్చింది. "సారూ, దినాం ఆటోకు పైసలు పెట్టుకొని వస్తున్నం. కోడలు పనికి పోతనే ఇల్లు గడుస్తది. చెయ్యి లేస్తలేదు. కసరత్తు బంద్ చేసి, పసరు పోసేటాయన దగ్గరికి తోల్కపోదామనుకుంటున్నం" అంది. ఆ తల్లిని తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు. కాంట్రాక్టరు అతని పేరు ఇ.ఎస్.ఐ.లో ఎక్కించనే లేదు. దానివల్ల రావలసిన సొమ్ము ఏదీ రాలేదు. ఇంట్లో తిండిగింజలకూ ఆటో కిరాయికీ మధ్య పోటీ వస్తే ఏది గెలుస్తుంది?

ఫిజియోథెరపిస్టు ఆ సమస్యకు ఒక దారి చూపించింది. రోజూ రావద్దంది, వారానికి రెండుసార్లు చాలంది. మిగతా రోజులు ఇంట్లో చేయించడానికి తల్లినే తయారుచేసింది. తల్లి నడుము నొచ్చకుండా కొడుకును ఎలా లేపాలో, మంచం పట్టెకు ఎలా ఆనించాలో తానే మంచం మీద పడుకుని, తల్లి చేత తనను లేపించుకుని నేర్పింది. నోటుపుస్తకం తెరిచి అంకెలు చూపింది. మొదటిరోజు రెండు సెకన్లు. ఆరోజు మూడు నిమిషాలు. చదువు రాని ఆ తల్లికి అంకెలు అర్థమయ్యాయి. పసరు మాట మళ్ళీ ఎత్తలేదు.

నూనె మర్దన చాలదా?

చాలామంది అడిగే ప్రశ్న ఇది. నూనెతో నెమ్మదిగా మర్దన చేస్తే చర్మానికి, కండరానికి హాయిగా ఉంటుంది. కాదనను. కానీ మర్దనలో పనిచేసేది చేసేవారి చేతులు, రోగి మెదడు కాదు. రోగి తనంత తాను కదిలించడానికి ప్రయత్నం చేసినప్పుడే మెదడు నుంచి ఆజ్ఞ బయలుదేరుతుంది, కొత్త బాట పడుతుంది. వేలు కదలకపోయినా సరే, కదిలించాలన్న ప్రయత్నం వృథా పోదు.

గట్టిగా పిసకడం, బిగిసిన కీళ్ళను విరిచినట్టు లాగడం అపాయం. మెదడు దెబ్బ తర్వాత కొందరికి కీళ్ళ చుట్టూ అక్కరలేని చోట ఎముక పెరుగుతుంది. బలవంతపు లాగుళ్ళతో కీలు మరింత పాడవుతుంది. కాలి పిక్క వాచి, నొప్పిగా, వెచ్చగా ఉంటే రక్తం గడ్డకట్టిందేమో చూడాలి. అప్పుడు మర్దన అసలే కూడదు, వెంటనే డాక్టరుకు చూపించాలి.

ఫిజియోథెరపీ మన దేశంలో నిన్న మొన్న పుట్టిన విద్య కాదు. బొంబాయిలో పోలియో విజృంభించాక, 1953లో కె.ఇ.ఎం. ఆసుపత్రిలో దీనికి శిక్షణ మొదలైంది. ఇప్పుడు ఇది డిగ్రీ చదువు. 2021లో ఈ వృత్తులకు పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసింది. కనుక ఇంటికి వచ్చి చేయిస్తామనేవారిని ఏం చదివారని అడగడానికి మొహమాటపడకండి.

ఇంట్లో మీరు చేయవలసినవి

ఒకటి: రోగి మంచంలో ఉన్నన్నాళ్ళూ రెండేసి గంటలకు ఒకసారి పక్క మార్చండి. లేకపోతే వీపు మీద, పిరుదుల మీద పుండ్లు పడతాయి.

రెండు: చచ్చుబడిన చెయ్యి పట్టుకుని లాగి లేపకండి. భుజం కీలు జారుతుంది. వీపు వెనక, నడుము దగ్గర ఆసరా ఇచ్చి లేపండి. కూర్చున్నప్పుడు ఆ చేతికింద తలగడ పెట్టండి.

మూడు: పడుకోబెట్టి అన్నం, నీళ్ళు పెట్టకండి. నిటారుగా కూర్చోబెట్టి, చిన్న చిన్న ముద్దలు పెట్టండి. మింగేటప్పుడు దగ్గు వస్తూంటే, అన్నం ఊపిరితిత్తుల్లోకి పోతున్నదని అనుమానించి డాక్టరుకు చెప్పండి.

నాలుగు: వ్యాయామం ఒకేసారి రెండు గంటలు వద్దు. పూటకు ఇరవై నిమిషాల చొప్పున మూడు నాలుగుసార్లు చేయించండి. దెబ్బతిన్న మెదడు త్వరగా అలసిపోతుంది. అది సోమరితనం కాదు.

ఐదు: వ్యాయామాన్ని పనిలో కలపండి. గ్లాసు అందుకోవడం, చొక్కా గుండీ పెట్టుకోవడం, చిక్కుడుకాయలు తుంచడం, ఇవన్నీ వ్యాయామాలే. అతను చేయగలిగిన పని మీరు ప్రేమకొద్దీ చేసిపెట్టకండి.

ఆరు: మూర్ఛ రాకుండా ఇచ్చిన మాత్రలు డాక్టరు చెప్పకుండా మానకండి. మద్యం ముట్టకూడదు. డాక్టరు అనుమతి లేకుండా బండి నడపకూడదు. ఒంటరిగా బావి దగ్గరకు, చెరువుకు పంపకూడదు.

ఏడు: బాగుపడడం మొదటి ఆరునెలల్లో వేగంగా ఉంటుంది. ఆ తర్వాత నెమ్మదిస్తుంది, కానీ ఆగిపోదు. ఏడాది, రెండేళ్ళ తర్వాత కూడా కొత్త పని వచ్చినవారిని నేను చూశాను. "ఆరునెలలు దాటింది, ఇక లాభం లేదు" అనే మాట నమ్మకండి.

తలనొప్పి రోజురోజుకూ ఎక్కువవడం, వాంతులు, మత్తుగా పడి ఉండడం, కొత్తగా మూర్ఛ రావడం, ఇవి కనిపిస్తే వ్యాయామం ఆపి వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

ఫిర్యాదుల డబ్బాలో మెచ్చుకోలు

ప్రమాదం జరిగిన పద్నాలుగు నెలలకు ఆ యువకుడు ఒంటరిగా నా గదికి నడిచి వచ్చాడు. చేతిలో కర్ర ఉంది, కుడికాలు కొంచెం ఈడుస్తున్నాడు. మాట నిదానంగా వస్తున్నా స్పష్టంగా ఉంది. మెషీను పని ఇక చేయలేడు. తెలిసినవారి గోదాములో లెక్క రాసే పని దొరికిందన్నాడు. మునుపటి మనిషి పూర్తిగా తిరిగివచ్చాడని నేను మీతో చెప్పను. వచ్చినంత మేరకు కష్టపడి వచ్చాడు.

"గా మేడం ఏది సార్?" అన్నాడు. ఆమెకు అప్పటికి రెండు నెలల క్రిందటే వేరే జిల్లాకు బదిలీ అయింది. అతని ముఖం చిన్నబోయింది. వరండాలోకి చూపించి, "ఫిర్యాదుల డబ్బా ఉన్నది సార్. మంచిగ చేసిన్రు అని రాసి ఏస్తందుకు డబ్బా ఏది?" అని అడిగాడు.

ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో నన్ను ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. "అందులోనే వెయ్యి బాబూ, తెరిచేది మేమే కదా" అన్నాను. కాగితం అడిగి తీసుకున్నాడు. నేను రాసిపెడతానంటే వద్దన్నాడు. ఎడమచేత్తో రాయవచ్చు, కానీ కలం కుడిచేతికి తగిలించుకున్నాడు. ఎనిమిది పంక్తులకు అరగంట పట్టింది. నేను నలుగురు రోగుల్ని చూసేసరికి అతను చెమటలు తుడుచుకుంటూ ముగించాడు. అతని అనుమతితోనే ఆ ఉత్తరం ఇక్కడ ఇస్తున్నాను:

"మేడం, అందరు మునుపటి లెక్క అయితవ్ అన్నరు. మీరు ఎన్నడు అట్ల అనలే. ఇయ్యాల నాలుగు సెకన్లు నిలబడ్డవ్, రేపు ఐదు చూద్దాం అన్నరు. మీరు చెప్పింది ఒక్కటి గుడ అబద్ధం కాలే. మిమ్మల్ని తిట్టిన, తోసేసిన అని మా అవ్వ చెప్పింది. నాకు యాదిలేదు. మాఫ్ చెయ్యుండ్రి. ఇప్పుడు నా బిడ్డ ఏలు పట్టుకొని అంగన్‌వాడీకి నేనే తోల్కపోతున్న."

ఆ కాగితాన్ని ఆమెకు పంపించాను. వారం తర్వాత ఫోను చేసింది. "సార్, ఆ కాగితం మా గదిలో గోడకు అంటించాను. కొత్త రోగులు వచ్చినప్పుడు చూపిస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉన్నాయి కదా, అవే పనిచేస్తున్నాయి. కుడిచెయ్యి పడిపోయినవాడు రాశాడంటే లేచి కూర్చుంటున్నారు" అంది. తనను పొగిడిన సంగతి మాటవరసకైనా ఎత్తలేదు.

రోగి దేనికి కృతజ్ఞత చెప్పాడో చూడండి. నయం చేశారని కాదు, అబద్ధం చెప్పలేదని. మంచంలో ఉన్న మనిషికి మనం ధైర్యం పేరుతో చెప్పే పెద్ద పెద్ద మాటలు అతను లోలోపల నమ్మడు. నిన్నటికంటే ఈరోజు ఒక సెకను ఎక్కువ నిలబడ్డావన్న చిన్న నిజం నమ్ముతాడు. ఇంట్లో మీరు కూడా ఒక నోటుపుస్తకం పెట్టుకోండి.

ఈ గొడవ రాకుండా ఉండాలంటే

హెల్మెట్టు పెట్టుకోండి, పట్టీ బిగించండి. 2021 సెప్టెంబరులో దుర్గం చెరువు వంతెన దగ్గర నటుడు సాయి ధరమ్ తేజ్ మోటారు సైకిలు జారి పడ్డ సంగతి మీరు పత్రికల్లో చదివే ఉంటారు. నెలకు పైగా ఆసుపత్రిలో ఉన్నా, తిరిగి నటించగలిగాడు. ఆనాడు హెల్మెట్టు అతని తలమీదే ఉంది.

దెబ్బతిన్నవారిని చూసి భయపడి తప్పుకోకండి. సాయం చేసినవారిని కేసుల్లో ఇరికించకుండా 2019 మోటారు వాహనాల చట్ట సవరణ రక్షణ ఇచ్చింది. 2025 మేలో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన పథకం ప్రకారం, రోడ్డు ప్రమాద బాధితులకు మొదటి ఏడురోజులు లక్షా యాభైవేల రూపాయల వరకు నగదు లేకుండా వైద్యం అందాలి. కానీ ఏడురోజుల్లో ప్రాణం నిలుస్తుందేగాని నడక రాదు. అందుకే ఫ్యాక్టరీల్లో పనిచేసే అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్ళకు ఒక మాట. ఇ.ఎస్.ఐ.లో మీ పేరు, నెంబరు ఉన్నాయో లేవో ఈ వారమే మీ కాంట్రాక్టరును అడిగి తెలుసుకోండి. డ్యూటీకి పోయే దారిలో, వచ్చే దారిలో పనికి సంబంధించి జరిగిన ప్రమాదాన్ని కూడా ఉద్యోగంలో జరిగినట్టే లెక్కించే వెసులుబాటు 2010 నుంచి ఉంది. మంచంలో ఉన్నన్నాళ్ళూ కూలీలో సుమారు 90 శాతం చేతికి వస్తుంది. ఆటో కిరాయి లేదని వైద్యం మానుకోవలసిన అవసరం రాదు.

చివరగా ఒక చిన్న పని. ఎప్పుడైనా మిమ్మల్ని గాని, మీవారిని గాని నడిపించిన ఫిజియోథెరపిస్టు ఉంటే, ఆ మనిషి పేరు కనుక్కుని ఒక ఉత్తరం రాయండి. దస్తూరి బాగులేదని సంకోచించకండి.